ఇంట్లో ఎవరెవరుంటారు

చింతామణిలో పట్టు దారం తీసేవాళ్ళలో రామాంజినప్పకు ఒక పేరుంది. పట్టుగూడును చెవి దగ్గర పెట్టుకుని రెండుసార్లు ఆడిస్తే చాలు, లోపలి పురుగు బతికుందో, చచ్చి గూటి గోడకు అంటుకుపోయిందో చెప్పేస్తాడు. గూళ్ళ మార్కెట్‌లోకి కరెంటు త్రాసులు వచ్చాయి, వేలం ఫోన్లలోకి పోయింది. అయినా ఆయన మాత్రం పొద్దున్నే పోయి, రైతు పోసిన గూళ్ళలో మోచేతి దాకా చెయ్యి పెట్టి, అడుగు నుంచి పిడికెడు తీసి, ఒక్కొక్కటే వింటాడు. పైన ఉన్నవాటిని ముట్టుకోడు. పైన ఉండేవి చూపించడానికి పెట్టినవి అని ఆయన నమ్మకం. బహుశా ఆయనకున్న ఒకే ఒక నమ్మకం అదే.

మనుషుల దగ్గరా ఇదే పద్ధతి. డాక్టరు మాత్రలు రాసిస్తే వేరే వీధిలోని మందుల అంగడికి పోయి, ఇవి దేనికి వేసుకుంటారప్పా అని ఏమీ తెలియనట్టు అడుగుతాడు. బస్సు ఎక్కేముందు బోర్డు చదువుతాడు, కండక్టరును అడుగుతాడు, ఎక్కి కూర్చున్నాక పక్కనున్న మనిషిని మళ్ళీ అడుగుతాడు. పెళ్ళిపత్రిక ఇచ్చినవాళ్ళు వీధి మలుపు తిరగ్గానే ముహూర్తం వారమూ తేదీ కలుస్తాయో లేదో క్యాలెండరులో చూస్తాడు. భార్య యశోదమ్మ దీనికి అలవాటు పడి ఇరవై ఏళ్ళు దాటింది. కొళాయిలో నీళ్ళు వస్తున్నాయని ఆమె చెప్పినా ఆయన లేచిపోయి తిప్పి చూస్తాడు. ఆమె కోప్పడదు. చూసి వచ్చాక, "వస్తాండాయా?" అని మాత్రం అడుగుతుంది.

ఇది పుట్టుకతో వచ్చిన గుణం కాదు. ఇరవై రెండేళ్ళ కిందట, కూతురు నేత్ర ఇంకా పాకుతున్న రోజుల్లో, తెల్ల చొక్కా వేసుకున్న మనిషి ఒకడు ఇంటికి వచ్చాడు. గౌరిబిదనూరులో తానూ దారం తీసే షెడ్డు పెట్టాలనుకుంటున్నానని, పని చూసిపోతానని చెప్పాడు. నెమ్మదస్తుడు. కాఫీ రెండుసార్లు తాగాడు. అప్పట్లో రామాంజినప్ప మంచి మాటకారి, అడిగేవాళ్ళు దొరికితే చాలు. ఇంట్లో ఎవరెవరుంటారు, తీసిన పట్టు ఎక్కడ ఆరేస్తారు, పొద్దున ఎన్నింటికి లేస్తారు అని ఆ మనిషి అడిగినవాటికన్నిటికీ ఓపిగ్గా చెప్పాడు. వచ్చే ఆదివారం బావమరిది పెళ్ళికి అందరూ బట్లహళ్ళికి పోతున్న సంగతి అడక్కపోయినా చెప్పాడు. ఆ ఆదివారం పెళ్ళి భోజనం చేసి తిరిగి వచ్చేసరికి వెనక తలుపు గొళ్ళెం ఊడి ఉంది. దండేల మీద ఆరేసిన పట్టు దారం చిలపల్లో ఒక్క కట్టా మిగల్లేదు.

ఆ మనిషే చేశాడని ఈనాటికీ రుజువు లేదు. స్టేషనులో రాసుకున్న కాగితం రాసుకున్నట్టే ఉండిపోయింది. పోయిన పట్టు కన్నా ఆయనను ఎక్కువ కాల్చింది వీధిలోవాళ్ళు అన్న ఒక్క మాట: "అంతా నువ్వే చెప్పినావంట గదప్పా."

ఆ తర్వాత ఆ ఇంట్లో ప్రశ్నకు జవాబు చెప్పే తీరే మారిపోయింది. నేత్రకు మాటలు వచ్చాక ఆయన మొదట నేర్పింది ఇదే: గుమ్మంలో గానీ ఫోనులో గానీ ఎవరైనా మీ అప్ప ఉన్నాడా అని అడిగితే, నాన్న ఉన్నా లేకున్నా స్నానం చేస్తున్నాడని చెప్పాలి. పట్టు శాఖ నుంచి వచ్చిన ఆఫీసరొకాయన ఒకసారి ఆ మాట నమ్మి వసారాలో ముప్పావు గంట కూర్చున్నాడు. స్నానం చేస్తున్న రామాంజినప్ప ఆ సమయంలో ధర్మవరంలో ఉన్నాడు.

అలాంటి ఇంట్లో పెరిగిన నేత్ర చదువులో గట్టిది. చింతామణిలోనే పట్టు మీద డిగ్రీ చదివింది. పట్టు దారంతో కుట్లు వేసే సామాను, కాలిన పుండ్ల మీద కప్పే పొర లాంటివి ఎలా చేస్తారో నేర్పే రెండేళ్ళ పైచదువు ఇటలీలో ఒక యూనివర్సిటీలో ఉందని తెలుసుకుని, స్నేహితురాళ్ళకు కూడా చెప్పకుండా అర్జీ పెట్టింది. స్కాలర్‌షిప్‌తో సీటు ఇస్తామని ఉత్తరం వచ్చింది. షరతు ఒక్కటే. ఇంగ్లీషు పరీక్ష రాసి, చదవడం, వినడం, రాయడం, మాట్లాడడం నాలుగింట్లోనూ తొమ్మిదికి ఆరు తగ్గకుండా తెచ్చుకుని, జూన్ నెలాఖరులోగా పంపాలి. లేకుంటే సీటు ఇంకొకరికి పోతుంది.

"ఇటలీలో ఇంగ్లీషు మాట్లాడరని నువ్వే చెప్తివి. మళ్ళా ఇంగ్లీషు పరీక్ష ఏమిటికి?" అన్నాడు రామాంజినప్ప.

పాఠాలు ఇంగ్లీషులో చెబుతారని నేత్ర వివరించింది. ఆయన తల ఊపాడు. మర్నాడు బ్యాంకులో ఒకరినీ, మార్కెట్‌లో ఇంకొకరినీ అదే ప్రశ్న తన ఇంటి సంగతి కానట్టు అడిగి వచ్చాడు.

మార్చిలో మొదటిసారి రాసినప్పుడు చదవడంలో ఏడు వచ్చింది, వినడంలో ఏడున్నర, రాయడంలో ఆరున్నర. మాట్లాడడంలో ఐదు. ఆ మార్కుల కాగితాన్ని రామాంజినప్ప చాలాసేపు చూశాడు. మూడు కాగితం మీద రాసేవి, మూడూ బాగున్నాయి. నాలుగోది గదిలో ఒక మనిషి ఎదురుగా కూర్చుని వేసే మార్కు, అదొక్కటే తక్కువ. మనిషి చెయ్యి పడిన చోటే తగ్గిందంటే ఏమనుకోవాలి అన్నాడు. ఆ గదిలో ఏం జరిగిందో నేత్రకు తెలుసు. ఎదుటావిడ నవ్వుతూ ఒకటి అడిగేది, తాను ఒక్క వాక్యం చెప్పి ఆగిపోయేది. ఎందుకు అని ఆవిడ అడిగితే ఇంకా చిన్న వాక్యం చెప్పేది.

అప్పుడు దొరికాడు లోకేశ్. బాగేపల్లి అతను. బెంగళూరులో కొన్నేళ్ళు ఈ పరీక్షకు పాఠాలు చెప్పి, తండ్రి పోయాక తల్లి దగ్గరికి వచ్చేసి, మేడ మీద గదిలోంచి ఫోనులోనే చెబుతున్నాడు. నేత్రతో చదివిన అమ్మాయి ఒకతె అతని దగ్గరే నేర్చుకుని గట్టెక్కింది. రోజూ సాయంత్రం ఏడింటికి పాఠం మొదలయ్యేది. మొదటి రోజు నుంచే రామాంజినప్ప నేత్ర గది కిటికీ కింద స్టూలు వేసుకుని కన్నడ పేపరు పట్టుకుని కూర్చున్నాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు. అయినా గూడును విన్నట్టే విన్నాడు. మధ్యమధ్య తెలిసిన మాటలు తగిలేవి. హౌస్. ఫాదర్. మార్నింగ్. ఫ్యామిలీ. ఇంగ్లీషు పరీక్షలో తనతో, తన ఇంటితో పనేమిటి?

నాలుగో రోజు పాఠం అయిపోగానే అడిగాడు, "ఆ మేష్ట్రు ఏమి అడుగుతాండాడు నిన్ను?"

"సుమ్నే, ఊరికే అడిగే ప్రశ్నలప్పా. పరీక్షలో వచ్చేవే."

"అవేందో తెలుగులో చదువు."

నేత్ర నోటుబుక్కు తీసి చదివింది. మీరు ఉండేది ఎలాంటి ఇల్లు? ఇంట్లో ఎవరెవరుంటారు? మీ నాన్న ఏం పని చేస్తారు? పొద్దున ఎన్నింటికి లేస్తారు? సెలవులకు ఎక్కడికి పోతారు? మీ ఇంట్లో చాలా కాలంగా ఉన్న ఒక పాత వస్తువు గురించి రెండు నిమిషాలు చెప్పండి, అది ఎక్కడి నుంచి వచ్చింది, ఇప్పుడు ఎక్కడ పెట్టారు?

రామాంజినప్ప పేపరు మడిచి పక్కన పెట్టాడు. అవే ప్రశ్నలు. ఇరవై రెండేళ్ళ కిందట తన వసారాలో కాఫీ తాగుతూ అడిగినవే. వరస కూడా దాదాపు అదే.

"నిజమే చెప్పల్లని యాడన్నా రాసుండాదా?"

"లేదప్పా."

"అట్లయితే రాసుకో," అని ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. తాము ఉండేది గుడిబండలో, బాడుగ ఇంట్లో, మేడ మీద. తండ్రి హెడ్ కానిస్టేబులు. సెలవులకు ఎక్కడికీ పోరు, ఇంట్లో ఎప్పుడూ మనిషి ఉంటాడు. పాత వస్తువులు ఏమీ లేవు. పెద్ద కుక్క ఉంది. నేత్ర అన్నీ రాసుకుంది. ఆమెకూ అది వింతగా తోచలేదు, ఇంకా చెప్పాలంటే కొంచెం తేలికగా అనిపించింది. ముఖం ఎరగని గొంతుకు ఇంటి సంగతులు చెప్పడం ఆమెకూ ఎప్పుడూ ఇష్టం లేదు. వంటింట్లోంచి యశోదమ్మ ఒక్కటే అడిగింది, "కుక్క పేరేంది?" టైగర్ అని పెట్టారు.

ఆ ఏర్పాటు వారం రోజులు నడిచింది. మీ నాన్న పని గురించి చెప్పమని లోకేశ్ అడిగితే నేత్ర, ఆయన స్టేషనుకు పోతారు అనేది. అక్కడేం చేస్తారు అంటే, కూర్చుంటారు అనేది. పోలీసు పనిలో ఆయనకు ఏది ఇష్టం అంటే ఇక మాట వచ్చేది కాదు. పోలీసు పని గురించి ఆమెకేం తెలుసు? కుక్క గురించి మూడు వాక్యాలు చెప్పి నాలుగో వాక్యంలో దాన్ని పిల్లిని చేసింది. చివరికి లోకేశ్ ఇంగ్లీషు వదిలేసి తెలుగులోనే అన్నాడు, "స్టేషన్లో పని చేసేది మీ నాయన గదా. మరి నువ్వేమి, ముద్దాయి మాట్లాడినట్ల మాట్లాడుతాండావు?" నమూనా పరీక్ష పెట్టి ఐదే వేశాడు.

అదే సాయంత్రం అతను అడిగిన చివరి ప్రశ్న, ఆదివారాలు మీ ఇంట్లో ఎలా గడుస్తాయి అన్నది. కిటికీ కింద రామాంజినప్పకు సండే అన్న మాట స్పష్టంగా వినపడింది. మర్నాడు పొద్దున్నే లేచి చేలూరు మీదుగా పోయే బస్సు ఎక్కి బాగేపల్లికి పోయాడు.

ఒక మనిషి గుట్టు తెలుసుకోవాలంటే మా పక్క ఒక పద్ధతి ఉంది. పిల్లోడి గురించి సంబంధానికి విచారిస్తున్నామని చెబితే చాలు, ఊళ్ళో ఎవరూ దాచరు. ఆడపిల్ల జీవితం కదా అని కడుపులో ఉన్నదంతా చెబుతారు. ఆడపిల్ల తండ్రి పేరు మార్చి చెప్పుకుని, ఊరు మార్చి చెప్పుకుని రావడమూ మామూలే, సంబంధం కుదరకపోతే మాట బయట పడకూడదు కాబట్టి. రామాంజినప్ప లోకేశ్ ఉండే వీధి మొదట్లోని టీ అంగడిలో కూర్చుని, తన పేరు మునివెంకటప్ప అనీ, ఊరు గుడిబండ పక్కన అనీ చెప్పుకున్నాడు. పిల్లోడు తాగుతాడా, ఎవరెవరితో తిరుగుతాడు, బెంగళూరు నుంచి ఎందుకు తిరిగొచ్చాడు అని అడిగాడు. ఆఖరికి గొంతు తగ్గించి, అతను ఎవరింటికైనా పోయి వచ్చాక ఆ ఇంట్లో ఏమన్నా పోయిందా అని కూడా అడిగాడు. టీ అంగడాయన కళ్ళల్లో గౌరవం కనబడింది. ఇంత జాగ్రత్త గల తండ్రిని ఆయన చూసి ఉండడు.

అందరూ లోకేశ్‌ను మంచివాడన్నారు. తల్లిని బాగా చూసుకుంటాడన్నారు. తిరుగు బస్సులో రామాంజినప్పకు అదే గుచ్చుకుంది. ఒక్కడైనా ఒక్క చెడ్డ మాట అననప్పుడు, అడుగున ఏముందో ఎలా తెలుస్తుంది?

ఆయనకు తెలియని సంగతి ఇంకొకటుంది. ఆ అంగడి బెంచీ మీద టీ తాగుతున్న రైతు ఒకాయన ఏటా చింతామణి మార్కెట్‌కు గూళ్ళు తోలేవాడు. బస్సు కదిలాక ఆయన టీ అంగడాయనతో, ఆయప్ప మునివెంకటప్ప కాదు, చింతామణి రామాంజినప్ప, పట్టు షెడ్డు ఆయనది, ఒక్కతే కూతురు అని చెప్పాడు. పేరు దాచుకుని వచ్చాడంటే గట్టిగానే ఆలోచిస్తున్నాడని ఇద్దరూ అనుకున్నారు. మధ్యాహ్నానికి ఆ మాట లోకేశ్ తల్లి మునివెంకటమ్మ చెవిన పడింది.

శుక్రవారం నాడు చింతామణిలో రామాంజినప్ప షెడ్డులో ఉండగా వసారాలో కొత్త గొంతు వినబడింది. ఎవరో పెద్దామె. చుట్టాలింటికి పోతూ దాహమై ఆగానని చెప్పింది. పిల్లోడి తల్లి మొదటిసారి వచ్చినప్పుడు వచ్చిన పని చెప్పదు, అదీ మా పక్క పద్ధతే. నీళ్ళు తాగి, కాఫీ తాగి, యశోదమ్మను నెమ్మదిగా అడుగుతోంది. ఇల్లు సొంతమేనా? ఇంట్లో ఎవరెవరుంటారు? ఆ మూలనున్న కొయ్య చరక ఎవరిది, పాతకాలందిలా ఉందే? ఆదివారాలు ఇంట్లోనే ఉంటారా?

రామాంజినప్ప చేతులు తుడుచుకోకుండానే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఇల్లు తమది కాదన్నాడు, అన్నదన్నాడు. షెడ్డూ ఆయనదేనన్నాడు. ఇంట్లో ఎప్పుడూ పదిమంది ఉంటారన్నాడు. మీది ఏ ఊరమ్మా అని అడిగితే, బాగేపల్లి అని ఆమె నవ్వింది. ఒక్కడు కాదు, ముఠా అనుకున్నాడు. ఆమె నేత్రను పిలిచి బొట్టు పెట్టి, పూలూ తమలపాకులూ అరటిపండ్లూ చేతిలో పెట్టి పోయింది. ఆ పండ్లు ఎవరూ తినకూడదని ఆయన ఆంక్ష పెట్టాడు. రెండు రోజులకు అవి నల్లబడిపోయాయి.

సోమవారం సాయంత్రం ఏడింటికి ఫోను మోగలేదు. దానికి బదులు లోకేశ్ నుంచి మెసేజు వచ్చింది. పెద్దవాళ్ళ మధ్య మాటలు నడుస్తున్నాయని అమ్మ చెప్పింది, ఇలాంటప్పుడు రోజూ ఫోనులో మాట్లాడడం మర్యాద కాదు, దయచేసి వేరే మేష్ట్రును చూసుకోండి అని రాశాడు. నేత్ర మూడుసార్లు చదివింది. పరీక్షకు పందొమ్మిది రోజులున్నాయి. మెసేజును తల్లికి చదివి వినిపించింది. యశోదమ్మ, తెచ్చిన పండ్లనూ పెట్టిన బొట్టునూ తలచుకుని, నిదానంగా భర్త వైపు చూసింది.

"అప్పా, నువ్వు బాగేపల్లికి పోయింటివా?" అని అడిగింది నేత్ర.

"గూళ్ళ కోసం పోయింటి."

నేత్ర ఆయన ముఖాన్నే చూస్తూ నిలబడింది. ఎప్పుడూ అలా చూడలేదు.

"ఈ తూరి కూడా ఐదే వస్తే సీటు పోతాది. నాకు రాకూడదనే నువ్వు ఇదంతా చేస్తాండావేమో అని నాకు అనుమానంగా ఉండాది. అదే అయితే అదన్నా నిజం చెప్పు."

ఊళ్ళో అందరినీ రామాంజినప్ప అనుమానించాడు. తనను ఒకరు అనుమానించవచ్చని, అదీ తన ఇంట్లోనే, తన బిడ్డే అని, ఆయనకు ఏనాడూ తట్టలేదు. నేనట్లాంటివాణ్ణి కాదని చెప్పాలనిపించింది. చెబితే నమ్మడానికి ఆ పిల్ల దగ్గర ఏముంది? తాను నేర్పింది నమ్మడం కాదు గదా. అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు.

మర్నాడు మళ్ళీ బాగేపల్లి. ఈసారి టీ అంగడి దగ్గర ఆగలేదు. మునివెంకటమ్మ ఎదురొచ్చి చాప పరిచి, కాళ్ళకు నీళ్ళిచ్చింది. పక్కింటావిడ గోడ మీంచి చూస్తోంది. లోకేశ్ మేడ దిగి వచ్చి, సన్నగా పొడుగ్గా, ఎక్కడ నిలబడాలో తెలియనట్టు స్తంభం పక్కన నిలబడ్డాడు. రామాంజినప్ప కూర్చోకుండానే, సంబంధం మాట ఏమీ లేదమ్మా, పొరపాటు జరిగింది అన్నాడు.

"సంబంధానికి కాకపోతే ఆ పొద్దు ఏమిటికి వచ్చినారప్పా?" అంది మునివెంకటమ్మ.

ఆయన నోటిదాకా మూడు జవాబులు వచ్చాయి. గూళ్ళు చూడడానికి. చుట్టాలింటికి. మల్బరీ కడ్డీల కోసం. మూడూ బాగానే ఉన్నాయి, దేన్ని చెప్పినా ఆమె నమ్మేది. కానీ ఏది చెప్పినా సాయంత్రం ఏడింటికి ఫోను మోగదు.

"నీ కొడుకు దొంగేమో చూసిపోదామని వస్తినమ్మా," అన్నాడు.

గోడ మీది తల కిందికి దిగిపోయింది. ఒకసారి మొదలుపెట్టాక ఆయన ఆగలేకపోయాడు. తెల్ల చొక్కా మనిషి, రెండు కాఫీలు, బట్లహళ్ళి పెళ్ళి, ఖాళీ దండేలు, వీధిలోవాళ్ళ మాట, కిటికీ కింద విన్న ప్రశ్నలు, గుడిబండ, హెడ్ కానిస్టేబులు, కుక్క, అన్నీ చెప్పాడు. ఇరవై రెండేళ్ళలో ఆయన ఒక సంగతిని మొదటి నుంచి చివరి దాకా ఉన్నదున్నట్టు చెప్పడం అదే మొదలు. కుక్క దగ్గరికి వచ్చేసరికి లోకేశ్ నవ్వు ఆపుకోలేక మొహం తిప్పుకున్నాడు. తల్లి మాత్రం నవ్వలేదు.

"నేనూ మీ ఇంట్లో అవే అడిగితిని గదప్పా. నన్నూ దొంగనే అనుకుంటివా?"

"అనుకుంటిని."

"పండ్లన్నా తింటిరా?"

"లేదమ్మా."

ఆమె లేచి లోపలికి పోయింది. చాలాసేపటికి కాఫీ గ్లాసు తెచ్చి ఆయన ముందు పెట్టి, "ఇది తాగుతావో, ఎవురికన్నా చూపించుకొని వస్తావో నీ ఇష్టం," అంది. ఆయన గ్లాసు అడుగు కనబడే దాకా తాగాడు.

తరువాత లోకేశ్ పక్కన కూర్చుని తమాషా లేకుండా చెప్పాడు. పరీక్ష పెట్టేవాళ్ళకు మీ ఇల్లు ఎక్కడుందో అక్కర్లేదు, ఎంత ధారాళంగా చెబుతున్నారన్నదే చూస్తారు, అబద్ధం చెప్పినా మార్కులు పోవు అన్నాడు. "మరి మా పాపకు ఏమిటికి పోతాండాయి?" అని రామాంజినప్ప అడిగాడు. "ఆ పాపకు అబద్ధం సగంలో భయమేస్తాదప్పా. ఆడ నిలబడిపోతాది. నిజం చెప్పేటప్పుడూ అంతే, చెప్పొచ్చునో లేదో అని ఆడా నిలబడిపోతాది. ఇంగ్లీషు రాక కాదు." ఈ పద్ధెనిమిది రోజులూ రోజుకు గంట చెబుతాననీ, కానిస్టేబులు మాత్రం తన ఫోనులో వినబడకూడదనీ అన్నాడు.

ఆ సాయంత్రం నేత్ర నోటుబుక్కులో తండ్రి రాయించిన పేజీ చింపేసింది. "పాపం, కుక్క చచ్చిపాయె," అంది యశోదమ్మ. రామాంజినప్ప తాను బాగేపల్లికి రెండుసార్లు ఎందుకు పోయిందీ కూతురికి చెప్పాడు. నేత్ర విన్నది. నమ్మిందో లేదో ముఖంలో ఏమీ తెలియలేదు. ఆయన అడగలేదు.

మొదటి రెండు రోజులు నేత్ర ప్రతి జవాబు మధ్యలో ఆగి, కిటికీ వైపు చూసేది. అది గమనించి రామాంజినప్ప స్టూలు తీసుకొచ్చి గదిలోనే, ఆమెకు ఎదురుగా వేసుకుని కూర్చున్నాడు. బయట ఎవరో వింటున్నారన్న అనుమానం కన్నా, ఎదురుగా ఉన్న తండ్రి నయమనుకున్నాడో ఏమో. ఆమె ఆగినప్పుడల్లా కానీ అన్నట్టు గడ్డం ఊపేవాడు. ఒక్కో మాట బయటికి పోతుంటే ఆయనకు పళ్ళు పీకినట్టే ఉండేది. పాత వస్తువు గురించి చెప్పేటప్పుడు ఆ ఇంగ్లీషులో చరక అన్న మాట వినపడింది, దాని వెంటే తన తల్లి పేరూ వినపడింది. ఆ చరక పిడి తన అవ్వ చేతి కింద ఎలా అరిగిందో, ఉడుకుతున్న గూళ్ళ వాసనకు చిన్నప్పుడు తాను బడికి పోతూ ముక్కు ఎలా మూసుకునేదో నేత్ర చెబుతూ పోయింది. రెండు నిమిషాలు దాటి మూడో నిమిషంలో పడింది. రామాంజినప్ప లేచి వెళ్ళి కిటికీ తలుపు మాత్రం వేసి వచ్చి, మళ్ళీ కూర్చున్నాడు.

జూన్ రెండో వారంలో పరీక్షకు బెంగళూరు పోయారు. నేత్రను లోపలికి పంపి ఆయన మెట్ల దగ్గర నిలబడ్డాడు. వచ్చేవాళ్ళనూ పోయేవాళ్ళనూ చూశాడు, వాచ్‌మన్‌ను ఈ ఆఫీసు ఎన్నేళ్ళ నుంచి ఇక్కడుందని అడిగాడు, ఎదురు అంగడాయనను అదే మళ్ళీ అడిగాడు. ఇద్దరూ ఒకటే చెప్పారు. నేత్ర బయటికి వచ్చినప్పుడు ముఖం ఎర్రగా ఉంది.

తిరుగు బస్సులో హొసకోటె దాటే దాకా ఓపిక పట్టి అడిగాడు, "ఏమి అడిగినారు?"

"మీ ఇంట్లో ఎవురి మాదిరి నువ్వు ఉండావు అని అడిగినారప్పా."

"ఏమి చెప్తివి?"

"నీ మాదిరే అని చెప్తిని. ఎట్ల అని అడిగినారు. అంతా చెప్తిని."

"అంతానా?"

"అంతా. ఆయమ్మే చాలు అనేదాకా."

రామాంజినప్ప ముందు సీట్లో ఉన్న మనిషి తల ఇటు తిప్పాడా అని చూశాడు. ఆ మనిషి నిద్రపోతున్నాడు. నిజంగానే నిద్రపోతున్నాడా అని ఇంకాసేపు చూశాడు.

ఐదో రోజు నేత్ర ఫోను పట్టుకుని షెడ్డులోకి వచ్చింది. మాట్లాడడంలో ఆరు. మిగతావి ముందుకన్నా తగ్గలేదు. యశోదమ్మ దేవుడి పటం వైపు తిరిగి దండం పెట్టుకుంది. రామాంజినప్ప ఆ ఫోను తీసుకుని అద్దాలు పెట్టుకుని చూశాడు, లోకేశ్‌కు ఫోను చేయించి అతని నోట ఆరు అనిపించాడు. అయినా పూర్తిగా నమ్మలేకపోయాడు. ఫోను కూతురిది. మేష్ట్రు కూతురికి కావలసినవాడు. ఫలితం చూసే నంబరూ పాస్‌వర్డూ కాగితం మీద రాసివ్వమన్నాడు. నేత్ర నవ్వి, రాసిచ్చింది.

బస్టాండు వెనక, తానెప్పుడూ పోని వీధిలో, తనను ఎరగని ఇంటర్నెట్ అంగడికి పోయాడు. కంప్యూటరు ముందున్న మనిషికి కాగితం ఇచ్చాడు. పేజీ తెరుచుకోవడానికి చాలాసేపు పట్టింది. నేత్ర ఫోటో వచ్చింది, దాని పక్కన నాలుగు అంకెలు వచ్చాయి. ఆఖరిది ఆరు. ఆయన వంగి తెరకు ముక్కు ఆనేంత దగ్గరగా చూశాడు. వేరే వీధిలోని కంప్యూటరు, వేరే మనిషి చెయ్యి, అయినా ఆరే.

"ఎవురప్పా ఈ పాప? మీకేమవుతాది?" అని అడిగాడు అంగడి మనిషి, ప్రింటు తీస్తూ.

"మా కూతురు," అన్నాడు రామాంజినప్ప. "నేత్ర. పట్టు చదువుకు ఇటలీకి పోతాండాది. సెప్టెంబరులో."

ఇంకా ఏమో చెప్పబోయి, ప్రింటు కాగితం మడిచి చొక్కా లోపలి జేబులో పెట్టుకుని మెట్లు దిగాడు. నాలుగడుగులు వేశాక గుర్తొచ్చింది. అడిగినదానికి మించి చెప్పాడు, నెల కూడా చెప్పాడు. ఆగి వెనక్కి తిరిగి చూశాడు. అంగడి మనిషి అప్పటికే ఇంకెవరికో ఆధార్ కార్డు ప్రింటు తీస్తున్నాడు. రామాంజినప్ప కాసేపు అక్కడే నిలబడి ఆ మనిషిని చూసి, ఇంటి దారి పట్టాడు.